సగం మీది, సగం మాది
నగరాల దత్తాంశ పథకాలకు యూరోపు సహాయం – ఒక పరిశీలన

అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు అన్నారు. అయితే ఎవరిని అడగాలో, ఎంత అడగాలో, అడిగి తెచ్చుకొన్నదాన్ని రేపు ఎట్లా నిలుపుకోవాలో ఆ సామెత చెప్పదు. ఆ మిగిలిన మాటను లోకానుభవం నుండి మనమే నేర్చుకోవాలి. యూరోపు ఖండంలోని నగరాలు తమ ప్రయోగాత్మక పథకాలకు యూరోపియన్ యూనియన్ నుండి సహాయం కోరే పద్ధతిని కొంతకాలంగా శ్రద్ధతో చదువుతున్నాను. చదివినకొద్దీ అది యూరోపు వారికి మాత్రమే పనికివచ్చే విషయం కాదని, దరఖాస్తు వ్రాయవలసిన ప్రతి సంస్థకు, ప్రతి విద్యార్థికి అందులో ఒక పాఠం ఉన్నదని తోచింది. ఆ పాఠాన్ని మన కళాశాల పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విషయమేమిటో స్పష్టం చేసుకొందాం. ఒక నగరంలో బస్సుల రాకపోకల లెక్క ఒక సంస్థ వద్ద ఉంటుంది. నీటి మీటర్ల లెక్క మరొక సంస్థ వద్ద ఉంటుంది. గాలిలోని కాలుష్యం, వీధి దీపాల కరెంటు ఖర్చు, వాహనాలు నిలిపే స్థలాలు, ఆసుపత్రుల పడకలు – ఇవన్నీ వేరు వేరు కార్యాలయాలలో, వేరు వేరు రూపాలలో పడి ఉంటాయి. ఒకరి లెక్క మరొకరికి అర్థం కాదు. ఈ లెక్కలనే నేడు దత్తాంశం లేక డేటా అంటున్నాము. వీటిని ఒక ఉమ్మడి భాషలోనికి తెచ్చి, నగరపాలనకు ఉపయోగించే ప్రయత్నమే స్మార్ట్ సిటీ దత్తాంశ పథకం. ఒక పేటలోనో రెండు పట్టణాలలోనో చిన్న యెత్తున చేసి చూసి, ఫలితం బాగుంటే విస్తరించడం ప్రయోగాత్మక పథకం. దానినే పైలట్ ప్రాజెక్టు అని వ్యవహరిస్తున్నారు.

ఇటువంటి పనులకు యూరోపియన్ యూనియన్ చాలా కాలంగా ధనం సమకూరుస్తున్నది. స్పెయిన్ దేశపు సముద్రతీర నగరమైన శాంటాండర్‌లో 2010లో మొదలైన పథకం క్రింద వీధులలోను, వాహనాలు నిలిపే చోట్లలోను, ఉద్యానవనాలలోను సుమారు 12,000 సెన్సర్లు అమర్చారు. ఆ తరువాత 2014 నుండి 2020 వరకు హొరైజన్ 2020 అనే కార్యక్రమం నడిచింది. ప్రస్తుతం 2021 – 2027 కాలానికి సుమారు 9,550 కోట్ల యూరోల హొరైజన్ యూరోప్, సుమారు 750 కోట్ల యూరోల డిజిటల్ యూరోప్ అనే రెండు కార్యక్రమాలు నడుస్తున్నాయి. మొదటిది ప్రధానంగా పరిశోధనకు, రెండవది సిద్ధమైన సాంకేతిక విజ్ఞానాన్ని ఆచరణలో పెట్టడానికి ఉద్దేశించినవి. నగరాల దత్తాంశాన్ని ఒక ఉమ్మడి వేదికపైకి తెచ్చే ప్రయోగాలు ఎక్కువగా ఈ రెండవ ద్వారం గుండా సహాయం పొందుతున్నాయి.

ఇక దరఖాస్తు పద్ధతి. ఒక్క నగరం ఒంటరిగా వెళ్ళి చేయి చాపితే సాధారణంగా హొరైజన్ తలుపు తెరుచుకోదు. కనీసం మూడు వేరు వేరు దేశాలకు చెందిన మూడు స్వతంత్ర సంస్థలు ఒక కూటమిగా ఏర్పడాలి. వాటిలో ఒకటైనా యూనియన్ సభ్యదేశానిది కావాలి. కాబట్టి ఒక పురపాలక సంఘం, ఒక విశ్వవిద్యాలయం, ఒక సాంకేతిక సంస్థ కలిసి రావడం పరిపాటి. వచ్చిన దరఖాస్తులను స్వతంత్ర నిపుణులు పరీక్షిస్తారు. ఆలోచనలోని శ్రేష్ఠత, సమాజంపై ప్రభావం, అమలు జరిపే సామర్థ్యం అనే మూడు అంశాలకు ఒక్కొక్కదానికి 5 మార్కుల చొప్పున వేస్తారు. సాధారణంగా ఒక్కొక్కదానిలో 3, మొత్తం మీద 10 మార్కులు రానిదే ఆ దరఖాస్తు పరిశీలనకైనా నిలవదు. హొరైజన్ 2020 కాలంలో వచ్చిన దరఖాస్తులలో నెగ్గినవి నూటికి సుమారు 12 మాత్రమే. మన విద్యార్థులు పరీక్షలను తలచుకొని భయపడుతూ ఉంటారు గాని, నగరాలకు కూడా ఇట్లాంటి పరీక్షలున్నాయని తెలిస్తే కొంత ఊరట కలుగుతుందేమో!

పరీక్ష నెగ్గినంత మాత్రాన పూర్తి ధనం చేతికి వస్తుందా? ఇక్కడే అసలు విషయం ఉన్నది. డిజిటల్ యూరోప్ కార్యక్రమంలో సాధారణంగా యూనియన్ ఇచ్చేది సగమే. మిగిలిన సగం దరఖాస్తుదారు తెచ్చుకోవాలి. మన కార్యాలయ భాషలో చెప్పాలంటే ఇది మ్యాచింగ్ గ్రాంటు. పది లక్షల యూరోల పథకమైతే ఐదు లక్షలు వారివి, ఐదు లక్షలు మీవి. హొరైజన్ యూరోప్‌లోనైతే లాభాపేక్ష లేని సంస్థకు అంగీకరించిన ఖర్చంతా ఇచ్చే వీలున్నది. పరోక్ష ఖర్చుల కోసం అందులో నూటికి 25 వంతులు కలుపుతారు. డిజిటల్ యూరోప్‌లో కలిపేది 7 వంతులే. అంటే ఒకే పట్టణం, ఒకే పని, రెండు తలుపులు, రెండు లెక్కలు. ఏ తలుపు తట్టాలో తెలియడమే దరఖాస్తుదారునికి మొదటి చదువు.

ఈ సగం నియమాన్ని గురించి నా అభిప్రాయం చెప్పడానికి ముందు దానిలోని మంచిని ఒప్పుకోవాలి. తన చేతి డబ్బు పెట్టినవాడు పని మీద కన్ను వేసి ఉంచుతాడు. పూర్తిగా ఊరికే వచ్చిన ధనం ఊరికే పోతుంది. పురపాలక సంఘం తన పద్దులో సగం వ్రాసుకొన్నదంటే, కౌన్సిలులో చర్చ జరిగిందని, ఎవరో ఒకరు ప్రశ్న అడిగారని, ఎవరో ఒకరు జవాబు చెప్పారని అర్థం. ఆ చర్చ లేని పథకం పేపరు మీద మాత్రమే ఉంటుంది. ఈ కారణం చేత పంచుకొనే పద్ధతిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు.

అయితే సంపన్న నగరానికి, పేద పట్టణానికి ఒకే సగం అనడం న్యాయమా? పైకి సమానంగా కనిపించే కొలత అన్నివేళలా సమానం కాదు. రాజధాని నగరానికి ఐదు లక్షల యూరోలు ఒక వీధి మరమ్మతు ఖర్చు కావచ్చు. కొండల నడుమనున్న చిన్న పట్టణానికి అదే మొత్తం ఆ యేటి పాఠశాలల ఖర్చు కావచ్చు. పైగా ధనమంతా ముందుగా చేతికి రాదు. కొంత ముందు ఇచ్చి, మిగిలినది నివేదికలు, లెక్కలు చూసిన తరువాత ఇస్తారు. ఆ మధ్యకాలం తట్టుకోవడానికి చేతిలో రొక్కం ఉండాలి. ఆంగ్లంలో చక్కగా వ్రాయగల గుమాస్తాలుండాలి. కూటమి కట్టడానికి ఇతర దేశాలలో పరిచయాలుండాలి. ఇవన్నీ ఎవరికి ఉంటాయి? ఇదివరకే ఉన్నవారికే ఉంటాయి. ఒకసారి నెగ్గిన నగరానికి రెండవసారి నెగ్గడం సులభమవుతుంది. ఎన్నడూ నెగ్గని పట్టణం అడగడమే మానుకొంటుంది. ఉన్నవాడి ఇంటికే చుట్టాలు వచ్చినట్లు, సహాయం కూడా బలమున్న చోటికే చేరుతుంది. ఏ పట్టణానికి ఈ లెక్కల అవసరం అధికమో, ఆ పట్టణం వాకిట్లోనే నిలిచిపోతుంది.

దీనికి విరుగుడు లేదా అంటే, అదే యూరోపులో ఉన్నది. యూనియన్ తన ప్రాంతీయాభివృద్ధి నిధులను పంచేటప్పుడు 2021 – 2027 కాలానికి వెనుకబడిన ప్రాంతాలకు ఖర్చులో నూటికి 85 వంతుల వరకు, సంపన్న ప్రాంతాలకు 40 వంతుల వరకు ఇవ్వవచ్చునని నియమం చేసింది. నగరాల నూతన ప్రయోగాలకు నడిపే యూరోపియన్ అర్బన్ ఇనీషియేటివ్‌లో ఖర్చులో 80 వంతులు, 50 లక్షల యూరోలకు మించకుండా ఇస్తారు. అక్కడ కనీసం 50,000 జనాభా ఉండాలన్న షరతు ఉన్నది గాని, చిన్న పట్టణాలు కొన్ని కలిసి ఆ సంఖ్యను చేరుకోవడానికి వీలు కల్పించారు. శక్తిని బట్టి వాటా అనే న్యాయం వారికి తెలియనిది కాదన్నమాట. రోడ్డుకు, వంతెనకు వర్తించే ఆ న్యాయం దత్తాంశానికి ఎందుకు వర్తించకూడదన్నదే నా ప్రశ్న. సగం నియమాన్ని తీసివేయనక్కరలేదు. దానిని పట్టణం శక్తికి తగినట్లు తగ్గించడమో పెంచడమో చేయాలి. చిన్న పట్టణాలకు దరఖాస్తు వ్రాయడానికే ముందుగా కొంత సహాయం చేయాలి. ఇది దయ కాదు. అన్ని రకాల ఊళ్ళలో పరీక్షించని ప్రయోగం ప్రయోగమే కాదు. సంపన్న నగరంలో నెగ్గిన పద్ధతి బీద పట్టణంలో నెగ్గుతుందని ఎవరు చెప్పగలరు?

ధనం ఇచ్చేవారి బాధ్యత ఇది. అడిగేవారి బాధ్యత కూడా ఉన్నది. ఈ పథకాల చరిత్ర చూస్తే, నిధి ఉన్నదని తెలిసి అవసరాన్ని వెదుక్కొనే ప్రమాదం కనిపిస్తుంది. కావలసినది దీనికి విలోమం. ముందు ఊరిలో ఒక బాధ ఉండాలి. తరువాత దాని లెక్క కావాలి. ఆ తరువాతనే డబ్బు అడగాలి. దీనికి మంచి ఉదాహరణ బార్సిలోనా నగరంలో ఉన్నది. అక్కడి గ్రాసియా పేటలో ప్లాసా దెల్ సోల్ అనే చిన్న కూడలి ఉన్నది. రాత్రి పొద్దుపోయే వరకు అక్కడ జనం చేరి చేసే సందడికి చుట్టుప్రక్కల ఇళ్ళవారికి నిద్ర కరవయ్యేది. ఎన్ని ఫిర్యాదులు చేసినా అది వారి మాటగానే మిగిలింది. హొరైజన్ 2020 సహాయంతో నడిచిన మేకింగ్ సెన్స్ అనే పథకం క్రింద ఆ ఇళ్ళవారే తమ బాల్కనీలలో శబ్దాన్ని కొలిచే చిన్న సెన్సర్లు పెట్టుకొన్నారు. ఆరోగ్యానికి తగిన హద్దును రాత్రి శబ్దం దాటుతున్నదని అంకెలతో చూపించి, కూడలిలోనే సభ జరిపి, పురపాలక సంఘంతో చర్చకు కూర్చున్నారు. అదే పథకంలో కొసావో రాజధాని ప్రిష్టినాలో గాలి కాలుష్యాన్ని కొలవడానికి ముందుకు వచ్చినవారు అక్కడి యువకులు, యువతులు. వారి వయస్సు మన విద్యార్థుల వయస్సే. ఈ రెండు చోట్లా యంత్రం గొప్పది కాదు. అడిగిన ప్రశ్న గొప్పది. తన బాధను తానే కొలుచుకొన్న పౌరునికి అధికారి ముందు నిలబడే ధైర్యం వస్తుంది.

ఇందులో మరొక సూక్ష్మమున్నది. శబ్దాన్ని కొలిచేవారు మాటలను కూడా వినగలరు. బస్సులోని జనాన్ని లెక్కించేవారు, ఎవరు ఎక్కడికి పోతున్నారో కనిపెట్టగలరు. కాబట్టి లెక్క ఎవరిదన్న ప్రశ్న ప్రతి దరఖాస్తులోను ముందు వరుసలో ఉండాలి. యూరోపులో 2018 మే 25 నుండి వ్యక్తిగత దత్తాంశ రక్షణ నియమావళి అమలులో ఉన్నది. అవసరమైనంతకు మించి సేకరించరాదని, చెప్పిన పనికి తప్ప మరొక పనికి వాడరాదని దాని సారాంశం. బార్సిలోనా, ఆమ్‌స్టర్‌డామ్ నగరాలలో 2017 – 2019 మధ్య నడిచిన డీకోడ్ అనే పథకం, తన సమాచారంలో ఎంత ఎవరికి ఇవ్వాలో పౌరుడే నిర్ణయించుకొనే మార్గాన్ని పరీక్షించింది. మన దేశంలో కూడా 2023లో డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం వచ్చింది. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు ఈ విషయం మరింత ముఖ్యమని వేరుగా చెప్పనక్కరలేదు. సంఖ్యలో తక్కువగా ఉన్నవారిని లెక్కలో చేర్చకపోవడం ఒక అన్యాయం. లెక్కలో చేర్చి వేలెత్తి చూపడం మరొక అన్యాయం. ఈ రెండింటి నడుమ నడవగల పథకమే మంచి పథకం.

చివరి ప్రశ్న, నా దృష్టిలో అన్నింటికంటె పెద్ద ప్రశ్న – గ్రాంటు ముగిసిన మరునాడు ఏమి జరుగుతుంది? పథకానికి రెండేళ్ళో మూడేళ్ళో గడువు ఉంటుంది. ఆ తరువాత సెన్సరులోని బ్యాటరీ మార్చేవాడెవడు? లెక్కలు దాచే యంత్రానికి అద్దె కట్టేవాడెవడు? పని నేర్చిన ఉద్యోగికి జీతమిచ్చేవాడెవడు? ఆరంభశూరత్వం ఆంధ్రుల సొత్తని మనలను మనమే ఎత్తిపొడుచుకొంటాం గాని, అది ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. ఏనుగును కొన్ననాటి ఉత్సవం అందరికీ గుర్తుంటుంది. దాన్ని మేపవలసిన రోజులు ఎవరూ లెక్కపెట్టరు. మన పూర్వులు ఈ విషయంలో మనకంటె ముందుచూపు గలవారు. తెలుగు సీమలో చెరువు త్రవ్వించినవానికి, దాన్ని కాపాడేవానికి దశబంధం పేరిట ఇనాము భూమి ఇచ్చే ఆచారం ఉండేది. చెరువు తోపాటే చెరువు మరమ్మతుకు ఆధారం కూడా పుట్టేది. అటువంటి ఏర్పాటు లేని నేటి పథకం గట్టు లేని చెరువు వంటిది. దరఖాస్తులో మొదటి పుట ఎంత అందంగా ఉన్నా, చివరి పుటలో ఈ ప్రశ్నకు సమాధానం లేకపోతే మార్కులు వేయరాదని నా నిశ్చితాభిప్రాయం.

మన దేశానికి ఈ విషయంతో ప్రత్యక్ష సంబంధం లేకపోలేదు. 2015 జూన్ 25న మొదలై 2025 మార్చి 31న ముగిసిన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో కూడా నూరు నగరాలను పోటీ పద్ధతిన ఎంపిక చేశారు. కేంద్రం ఇచ్చిన దానికి సమానంగా రాష్ట్రం, స్థానిక సంస్థ కలిసి ఇవ్వాలన్న నియమమే అక్కడా ఉండినది. విశాఖపట్టణం, కాకినాడ, తిరుపతి, అమరావతి, వరంగల్లు, కరీంనగరం ఆ జాబితాలో చోటు చేసుకొన్నవి. ఆ మిషన్‌కు అనుబంధంగా 2018లో ప్రారంభమైన సిటీస్ కార్యక్రమానికి ఫ్రెంచి అభివృద్ధి సంస్థ 10 కోట్ల యూరోల రుణం, యూరోపియన్ యూనియన్ 60 లక్షల యూరోల గ్రాంటు సమకూర్చాయి. అందులో ఎంపికైన 12 నగరాలలో విశాఖపట్టణం ఒకటి. అక్కడ తలపెట్టిన పని నగరంలోని ప్రభుత్వ పాఠశాలలను బాగుచేయడం. కనుక యూరోపు ధనం, మన ఊరి బడిపిల్లలు – ఈ రెంటికీ మధ్య దూరం మనం అనుకొన్నంత లేదు. మిషన్ గడువు ముగిసింది. కాని నూరు నగరాలలోను నెలకొల్పిన కమాండ్ కంట్రోల్ కేంద్రాలను నడపవలసిన భారం ముగియలేదు. గ్రాంటు ముగిసిన మరునాటి ప్రశ్న ఇప్పుడు మన వాకిట్లోనే ఉన్నది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! దరఖాస్తు వ్రాయడమంటే బ్రతిమాలుకోవడం కాదు. అది ఒక శాస్త్రం. మన అవసరమేమిటో ఒక వాక్యంలో చెప్పగలగడం, దాన్ని అంకెలతో నిరూపించడం, ఖర్చును పైసలతో సహా లెక్కకట్టడం, మన వాటా ఎంతో నిజాయితీగా ఒప్పుకోవడం, గడువు ముగిసిన తరువాతి మాట ముందే ఆలోచించడం – ఇవి నేర్చినవానికి ఉపకార వేతనం దరఖాస్తు అయినా, నగరం దరఖాస్తు అయినా ఒక్కటే. యూరోపులోని ఎరాస్మస్ ముండుస్ ఉపకార వేతనాలు మన దేశ విద్యార్థులకు కూడా తెరచి ఉన్నవి. ప్రతి సంవత్సరం మనవారు వాటిని పొందుతూనే ఉన్నారు. ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివిన విద్యార్థులు తమ కోసం కాదనుకొని వెనుకకు తగ్గడం విచారకరం. భావం స్పష్టంగా ఉంటే భాషను దిద్దుకోవచ్చు. భావమే లేకపోతే ఏ భాషా ఆదుకోదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. మన ఊరిలో వేసవిలో ఏ వీధికి నీరు ఎన్ని గంటలు వస్తున్నదో, కళాశాల ముందు రహదారి మీద ఏ వేళ ఎన్ని వాహనాలు పోతున్నవో, మన విద్యార్థినులు బస్సు కోసం ఎంతసేపు నిలబడుతున్నారో ఒక సంవత్సరం పాటు విద్యార్థుల చేతనే లెక్క వ్రాయించండి. దీనికి యూరోలు అక్కరలేదు; ఒక నోటుపుస్తకం, ఒక గడియారం చాలు. వ్యక్తుల పేర్లు వ్రాయవద్దని మొదటి రోజే చెప్పండి. ఆ లెక్కను రెండు భాషలలోను తయారుచేసి పురపాలక సంఘానికి అందజేయండి. రేపు ఏ నిధి తలుపు తట్టవలసి వచ్చినా మన చేతిలో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

సగం మీది, సగం మాది అని నిధి ఇచ్చేవారు అంటున్నారు. మన వంతు సగం కేవలం ధనమే కావాలని లేదు. మన ఊరిని మనం ఎరిగి ఉండడం, దాని బాధను నిజాయితీగా కొలవడం, కట్టినదాన్ని కాపాడే ఓపిక కలిగి ఉండడం – అసలైన సగం ఇదే. ఈ సగం మనం తెచ్చుకొన్ననాడు తక్కిన సగం అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు.